ఇంకాల కథలో బట్ట ఎక్కడ?

సంపాదకులు గారికి,

స్పానిష్ వాళ్లు రాకముందు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పెద్ద రాజ్యం ఏలిన ఇంకాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. బంగారం గురించి పేజీ నిండా ఉంది. బట్టలు, ఈకల పని గురించి మాత్రం ఒక్క వాక్యం, అదీ 'అలంకరణ సామగ్రి' అని. నేత ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, ఆ మాట చదివి ఊరుకోలేకపోయాను.

ఇంకాల రాజ్యంలో మేలైన నేతను 'కుంబి' అనేవారు. దాన్ని నేయడానికి ప్రత్యేకంగా నేతగాళ్లు, ఏరికోరి తెచ్చి పెంచిన ఆడపిల్లలు ఉండేవారు. కొత్తగా గెలిచిన ప్రాంతాల పెద్దలకు రాజు ఇచ్చే కానుక ఆ బట్టే. సూర్యుడి పేరున మంటల్లో సమర్పించేదీ అదే. స్పానిష్ సేనలు తరుముకొస్తుంటే ఇంకాల సైనికులు గిడ్డంగుల్లోని బట్టలు తగలబెట్టి మరీ వెనక్కి తగ్గారని అప్పటి రాతల్లోనే ఉంది. శత్రువుకు దక్కకూడదని వాళ్లు దేన్ని అనుకున్నారో చూడండి!

ఈకల పని అంతకంటే పాతది. ఇంకాలకు ముందు, క్రీ.శ. 600–1000 మధ్య అక్కడే ఉన్న వారీలు అనే ప్రజల ఈకల తెరలు 1943లో దక్షిణ పెరూలో పెద్ద మట్టి జాడీల్లో దొరికాయి. మొత్తం 96. నీలం, పసుపు మకావ్ చిలుక ఈకలవి. ఆ చిలుక పెరూ తీరపు ఎడారిలో బతకదు. అమెజాన్ అడవి నుంచి అంత ఎత్తు కొండలు దాటించి తేవాలి. తెచ్చిన ప్రతి ఈక కాడనూ దారం మీదుగా మడిచి ముడి వేశారు. అలా గుచ్చిన దండల్ని నూలు బట్ట మీద కింది వరస నుంచి పైకి కుట్టుకుంటూ పోయారు. ఒక్క తెరకు ఎన్ని వేల ముడులో!

ఇంకో సంగతి. మా నాన్న ఎంత మంచి చీర నేసినా చివరికి మగ్గం మీంచి కోసి దించాల్సిందే, కొసన పడుగు (నిలువు) పోగులు వేలాడతాయి. ఆండీస్ వాళ్లు బట్టను కావలసిన కొలతకే, నాలుగు వైపులా అంచు వచ్చేలా నేసేవారు. చివర్లో మిగిలిన సన్నటి జాగాలో పేకను (అడ్డపోగును) సూదితో ఎక్కించి ముగించేవారు. దానికి కత్తెర పెట్టేవారు కాదు. మగ్గం ముందు కూర్చున్నవాళ్లకి అదెంత కష్టమో తెలుస్తుంది.

పెరూ దక్షిణ తీరంలోని పరాకస్ సమాధుల్లో దొరికిన 2,000 ఏళ్లనాటి బట్టలు 1930ల్లో దొంగచాటుగా స్వీడన్ చేరాయి. అక్కడి గోటెబొర్గ్ నగరం వాటిని 2014 నుంచి విడతలుగా పెరూకి తిరిగి ఇచ్చింది. మన పత్రికలు రాయాల్సిన వార్త అది కూడా.

దయచేసి ఆ 'అలంకరణ సామగ్రి' అన్న మాటకు సవరణ వేయండి. వీలైతే ఒక వారీ ఈకల తెర ఫొటో పెద్దదిగా, రంగుల్లో వేయండి. మా వీధిలో ఇప్పటికీ మగ్గాలు ఆడుతున్నాయి. వాళ్లందరికీ చూపిస్తాను.

— ఒక పాఠకురాలు, చీరాల