ఇస్రో కర్బన లెక్క కూడా ప్రకటించాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన మరునాడు పత్రికల్లో నిప్పులు చిమ్మే ఫొటో చూసి, ఇంత పొగ వదిలే సంస్థకు వాతావరణం మీద శ్రద్ధ ఉంటుందా అని అడిగేవారు మా బెంగళూరులోనూ ఉన్నారు. రాకెట్ విడిభాగాలు తయారుచేసే పీణ్యాలోని ఒక చిన్న యూనిట్‌లో ముప్పై ఏళ్లు తనిఖీ విభాగంలో పనిచేసినవాడిగా, ఆ ప్రశ్న అవసరమైనదే కానీ వేలు చూపే చోటు వేరని విన్నవించుకుంటున్నాను.

మా కొలతల గదిలో వేడి పగలూ రాత్రీ 20 డిగ్రీల దగ్గరే ఉండాలి. ఒకటి రెండు డిగ్రీలు పెరిగినా లోహం మైక్రాన్ల లెక్కన సాగుతుంది, కొలత తప్పుతుంది, నెలరోజుల శ్రమతో తయారైన ముక్క పక్కన పడుతుంది. అందుకని కరెంటు పోయిన మరుక్షణమే వెనక షెడ్డులో డీజిల్ జనరేటర్ మోగేది. వేసవి కోతల్లో గోడవారన డ్రమ్ములు ఎన్ని ఖాళీ అయ్యాయో స్టోర్ కీపర్ పుస్తకంలో రాసుకునేవాడు. అది డబ్బు లెక్క కోసం. ఆ పొగ మాత్రం ఏ రాకెట్ ఖాతాలోనూ పడలేదు.

ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో సుమారు 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అందులో అధిక భాగం అమ్మోనియం పెర్క్లోరేట్, అల్యూమినియం పొడి; కర్బనం ప్రధానంగా వాటిని పట్టి ఉంచే రబ్బరు వంటి పదార్థంలో ఉంటుంది. అతిశీతల ద్రవ హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో నడిచే క్రయోజెనిక్ ఇంజన్ వదిలేది నీటి ఆవిరే అయినా, దానికి కావలసిన హైడ్రోజన్‌ను సహజవాయువు నుంచి తీస్తే కర్బనం కర్మాగారం దగ్గరే గాలిలో కలిసిపోయి ఉంటుంది. ఉపగ్రహాలు కూర్చే శుభ్రమైన గదుల్లో ఏసీలు ఆగవు, పరీక్షా కేంద్రాలు, కంప్యూటర్లు, ఇంజనీర్ల విమాన ప్రయాణాలు, మా యూనిట్ వంటి వందలాది సరఫరాదారుల కరెంటు బిల్లులు, ఇవన్నీ కలిస్తేనే అసలు లెక్క తేలుతుంది.

ఇస్రోకు ఇటువంటి క్రమశిక్షణ కొత్తేమీ కాదు. 2030 నాటికి ప్రభుత్వ, ప్రైవేటు భారతీయ అంతరిక్ష యాత్రలన్నీ శకలాలు మిగల్చకుండా సాగాలన్న లక్ష్యాన్ని 2024 ఏప్రిల్‌లో ఈ నగరంలోనే ప్రకటించింది. అదే ఏడాది పీఎస్‌ఎల్‌వీ-సీ58 చివరి దశను కక్ష్య తగ్గించి, మార్చిలో భూవాతావరణంలోకి దింపింది. కక్ష్యలోని చెత్తకు గడువు పెట్టుకున్న సంస్థ నేలమీద వదిలే కర్బనానికీ గడువు పెట్టుకోగలదని నా గట్టి నమ్మకం. ఐరోపా అంతరిక్ష సంస్థ 2019తో పోలిస్తే 2030 నాటికి తన ఉద్గారాలను 46 శాతం తగ్గిస్తానని చెప్పింది. మన రైల్వేలు సైతం 2030కి నికర సున్నా, అంటే వదిలినంత కర్బనాన్నీ తిరిగి తొలగించే స్థితి, లక్ష్యంగా పెట్టుకున్నాయి. దేశం గ్లాస్గో వాతావరణ సదస్సులో నికర సున్నాకు 2070 అని మాట ఇచ్చింది కదా, ఒక్క సంస్థకు విడిగా ఎందుకు అనేవారికి నా సమాధానం ఒకటే: ప్రతి పెద్ద సంస్థా తన వంతు చెప్పకపోతే దేశం మాట ఎవరు నిలబెట్టాలి?

ప్రయోగాలు తగ్గించమని నేను అడగడం లేదు. తుపానులను ముందుగా చూసి తీరప్రాంతాల ప్రాణాలు కాపాడేది ఇన్‌శాట్ ఉపగ్రహాలే. 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు నెల్లూరులోని మా చెల్లెలి కుటుంబం హెచ్చరిక అందుకుని ముందే మేడమీదికి చేరింది. అయితే పని పెరగబోతోంది. శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు, కొత్త తరం రాకెట్‌కు కేంద్రం ఆమోదం ఇచ్చింది. కిరోసిన్‌తో నడిచే సెమీ క్రయోజెనిక్ ఇంజన్ పరీక్షల్లో ఉంది. కిరోసిన్ మసి మేఘాలకు పైనున్న స్ట్రాటోస్ఫియర్ పొరకు చేరితే కడిగివేసే వాన అక్కడ ఉండదు, ఏళ్ల తరబడి నిలిచి ఆ పొరను వేడెక్కిస్తుంది. విస్తరణకు ముందే లెక్క మొదలుకావడం మేలు.

ఇస్రో తన వార్షిక నివేదికలో కేంద్రాలవారీగా విద్యుత్తు, డీజిల్, ఇంధన తయారీ, ప్రయాణాల ఉద్గారాలను ప్రచురించాలని, 2070 కన్నా దగ్గరి గడువు ఒకటి ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పీఎస్‌ఎల్‌వీ తయారీని హెచ్‌ఏఎల్, ఎల్ అండ్ టీ వంటి పరిశ్రమలకు అప్పగిస్తున్న ఈ రోజుల్లో, సరఫరాదారుల టెండరు పత్రాల్లోనూ ఈ వివరాలు అడగాలి. చిన్న యూనిట్లకు అది భారమని కొందరు అనవచ్చు. ఆ స్టోర్ కీపర్ పుస్తకంలోని లీటర్లు చాలు, మొదలుపెట్టడానికి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
జాలహళ్లి, బెంగళూరు.