యోక్ కొనే ముందు పాదాల సంగతి చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడిపే సిమ్యులేటర్‌కు జాయ్‌స్టిక్ కొనాలా, యోక్ (కారు స్టీరింగ్‌లా రెండు చేతులతో పట్టుకునే పరికరం) కొనాలా అన్న ప్రశ్న బెంగళూరులోని తెలుగు కుటుంబాలలో ఈమధ్య తరచుగా వినబడుతోంది. ఈ ఊళ్లో అలాంటి ఆసక్తి పుట్టడంలో వింత లేదు. 1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం వెలసింది ఇక్కడే. 2001 జనవరి 4న తేజస్ తొలిసారి గాలిలోకి లేచింది ఇక్కడి రన్‌వే మీది నుంచే. రెండేళ్లకోసారి యలహంకలో జరిగే ఏరో ఇండియా చూసి వచ్చిన పిల్లలు ఇంటికొచ్చాక చాలా రోజులు వేరే మాట మాట్లాడరు. ఆ ముచ్చట తీర్చాలని తల్లిదండ్రులు పెద్ద మొత్తమే ఖర్చు పెడుతున్నారు గాని, ఆ ఖర్చు చాలా ఇళ్లలో సరైన వస్తువు మీద పడడం లేదు. విమాన పరికరాల మరమ్మతు రంగంలో పనిచేసి, ఇప్పుడు మా అపార్ట్‌మెంటులోని పిల్లలకు తీరిక వేళల్లో సిమ్యులేటర్ నేర్పుతున్నవాడిగా నేను చెప్పదలచినది ఇది: పాదాలకు పెడల్స్ లేకుండా యోక్ ఒక్కటే కొనడం కన్నా, పిడిని మెలితిప్పే వీలున్న మామూలు జాయ్‌స్టిక్ కొనడం మేలు.

దీనికి కారణం విమానం తిరిగే తీరులోనే ఉంది. విమానం ముక్కు పైకీ కిందికీ కదులుతుంది; రెక్కలు అటూ ఇటూ వాలుతాయి; ముక్కు కుడికీ ఎడమకీ కూడా తిరుగుతుంది. మొదటి రెండు కదలికలూ చేతిలోని యోక్‌తో గాని, స్టిక్‌తో గాని జరుగుతాయి. మూడోది తోక మీది చుక్కాని పని, అంటే రడ్డర్ పని. దాన్ని పైలట్ కాళ్లతోనే నడుపుతాడు. యోక్ చూడడానికి కారు స్టీరింగ్‌లా ఉండడం వల్ల, దాన్ని తిప్పితే నేల మీద విమానం మలుపు తిరుగుతుందని కొత్తవారు అనుకుంటారు. నిజానికి రన్‌వే మీద యోక్‌ను ఎంత తిప్పినా సెస్నా (చిన్న శిక్షణ విమానం) ముందుచక్రం కదలదు, దాన్ని తిప్పేవి పెడల్సే. ఆ పెడల్స్ లేని ఇంట్లో యోక్ ముందు కూర్చున్న పిల్లవాడికి చుక్కాని పట్టు అసలే ఉండదు. కొన్ని సిమ్యులేటర్లు చుక్కానికి పరికరం లేదని గుర్తించి ఆ పని తామే చేసేస్తాయి, కాబట్టి లోపం బయటికి కనబడదు. సెస్నా 172 టేకాఫ్‌లో పూర్తి శక్తి ఇచ్చినప్పుడు ప్రొపెల్లర్ తోసిన గాలి సుడి తిరుగుతూ వచ్చి తోక ఎడమ వైపున తగిలి ముక్కును ఎడమకు లాగుతుంది. ఆ లాగుడును కుడి పెడల్‌తో ఆపాలి. పక్కగాలిలో దిగేటప్పుడు గాలివైపు తిరిగి వస్తున్న ముక్కును చక్రాలు నేలకు తాకే ముందు రన్‌వేకు సమంగా తేవాలి. విమానం నడపడంలోని నేర్పు చాలావరకు ఈ రెండు చోట్లా తెలిసిపోతుంది. అదంతా యంత్రానికి అప్పగించి ఖరీదైన యోక్ తిప్పుతూ కూర్చుంటే నేర్చుకునేది తక్కువ. లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డి ప్రో వంటి సాధారణ జాయ్‌స్టిక్‌లో కూడా పిడి మెలితిరుగుతుంది, ఆ మెలికే చుక్కానిగా పనికొస్తుంది. రెక్కను వాల్చేటప్పుడు చేయి తెలియకుండా మెలితిరిగి ముక్కు పక్కకు జరిగే ఇబ్బంది ఇందులో ఉన్నమాట నిజమే. అయినా మూడు కదలికలూ చేతికి అందుతాయి, పెడల్స్ కొన్న రోజున ఆ మెలికను వాడడం మానేయవచ్చు.

రెండో ప్రశ్న, పిల్లవాడు ఏ విమానం నడపాలనుకుంటున్నాడన్నది. కెంపేగౌడ విమానాశ్రయంలో మన పిల్లలకు ఎక్కువగా కనబడే ఎయిర్‌బస్ ఎ320లో యోక్ ఉండదు. 1988లో సర్వీసులోకి వచ్చిన ఆ విమానంలో పైలట్ పక్కన గోడవైపు చిన్న సైడ్‌స్టిక్ ఉంటుంది, ఎదుట యోక్ ఉండవలసిన చోటు ఖాళీగా ఉంటుంది. ఆకాశ ఎయిర్, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ సంస్థలు నడిపే బోయింగ్ 737లోనూ, కడప వంటి చిన్న విమానాశ్రయాలకు వచ్చే ఏటీఆర్ 72లోనూ, శిక్షణ పాఠశాలల్లో వాడే సెస్నాల్లోనూ యోక్ ఉంటుంది. తేజస్‌లో స్టిక్ పైలట్ రెండు మోకాళ్ల మధ్య ఉంటుంది, రఫేల్‌లో కుడిచేతి పక్కన ఉంటుంది. ఎ320 మీద మోజుపడిన పిల్లవాడికి యోక్ కొనిపెట్టడమంటే ఆ విమానంలో లేని వస్తువును కొనిపెట్టడమే. నాకు తెలిసిన ఇళ్లలోనే ఇలా జరిగింది.

ఇక్కడ ఇంకొంచెం లోతుకు వెళ్లాలి, ఎందుకంటే ధరకూ నిజానికీ ఉన్న దూరం ఈ చోటే తెలుస్తుంది. ఎ320 సైడ్‌స్టిక్‌కూ రెక్కల మీది పలకలకూ మధ్య లాగే ఉక్కు తీగలు లేవు. స్టిక్ కదలిక విద్యుత్ సంకేతంగా కంప్యూటర్‌కు వెళుతుంది. వేగం పెరిగినా తగ్గినా చేతికి తగిలేది స్ప్రింగు బిగువే. మామూలుగా ఎగిరేటప్పుడు ట్రిమ్‌ను (చేయి వదిలినా ముక్కు నిలిచేలా చేసే సర్దుబాటును) కూడా విమానమే సరిచేసుకుంటుంది. కాబట్టి ఇంట్లో వాడే స్ప్రింగు జాయ్‌స్టిక్ ఎ320 అనుభవానికి నిజంగానే దగ్గరగా ఉంటుంది. సెస్నా సంగతి వేరు. అందులో యోక్ నుంచి పలకల దాకా ఉక్కు తీగలు ఉంటాయి. గాలి వేగం పెరిగేకొద్దీ యోక్ బిగుసుకుంటుంది, వేగం పడిపోతే వదులవుతుంది. ఆ బిగువు చూసే పైలట్ తన వేగాన్ని సగం అంచనా వేస్తాడు. ట్రిమ్ చక్రం తిప్పితే ఆ బిగువు పోయి, చేయి వదిలినా ముక్కు అక్కడే నిలుస్తుంది. ఇంటి యోక్‌లో స్ప్రింగు ఎప్పుడూ నడిమధ్యకే లాగుతుంది గనుక ఈ పని తలకిందులవుతుంది: ముక్కును కావలసిన చోట నిలిపి, ట్రిమ్ తిప్పుతూ, అదే సమయంలో యోక్‌ను మెల్లగా మధ్యకు రానివ్వాలి. పిల్లలకు ఎవరూ ఇది చెప్పకపోవడం వల్ల వాళ్లు గంటలకొద్దీ యోక్‌ను లాగిపట్టుకుని ఎగురుతూ, విమానం మాట వినడం లేదని విసుగు చెందుతారు. మోటార్లతో చేతికి నిజమైన బిగువు ఇచ్చే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ పరికరాలు ఉన్నాయి గాని, వాటి ధర చాలా కుటుంబాలకు అందదు, కొత్తగా మొదలుపెట్టేవారికి అవి అవసరమూ లేదు.

ఏ చేయి అన్నది కూడా చిన్న విషయం కాదు. సెస్నాలో ఎడమ సీటులో కూర్చున్నవారి ఎడమచేయి యోక్ మీద, కుడిచేయి థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే మీట) మీద ఉంటాయి. ఎ320 కెప్టెన్ కూడా ఎడమచేతితోనే స్టిక్ పట్టుకుంటాడు. దుకాణాల్లో దొరికే జాయ్‌స్టిక్‌లలో ఎక్కువ భాగం కుడి అరచేతికి తగ్గట్టు మలిచినవి, ఆ అమరిక యుద్ధ విమానానికి సరిపోతుంది. రేపు పైలట్ శిక్షణకు వెళ్లాలన్న ఆలోచన ఉన్న పిల్లవాడు ఏళ్ల తరబడి కుడిచేతితో స్టిక్, ఎడమచేతితో థ్రాటిల్ అలవాటు చేసుకుంటే, శిక్షణ విమానంలో ఆ అలవాటు మానుకోవడానికి కష్టపడాలి. థ్రస్ట్‌మాస్టర్ టి.16000ఎం జాయ్‌స్టిక్ పిడి భాగాలను మార్చి ఏ చేతికైనా అమర్చుకోవచ్చు. అదే సంస్థ ఎయిర్‌బస్ పేరుతో అమ్మే సైడ్‌స్టిక్ కూడా అంతే. ఇంట్లో నడిపిన గంటలు లైసెన్సుకు కావలసిన గంటల్లో కలవవు. పౌర విమానయాన డైరెక్టరేట్ ఆమోదించిన శిక్షణ యంత్రాలకే ఆ గుర్తింపు. అందుకే ఇంటి పరికరం నుంచి మనం కోరవలసింది మంచి అలవాట్లు.

మీటల సంఖ్య నా దృష్టిలో ఆఖరి విషయం. లోపలి సెన్సర్ మొదటి విషయం. చౌక జాయ్‌స్టిక్‌లలో కార్బన్ పూత మీద చిన్న లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. పాత రేడియోలో శబ్దం పెంచే మీట కొన్నేళ్లకు గరగరమన్నట్టే, ఇవి కూడా అరిగి, దుమ్ముపట్టి, చేయి కదపకపోయినా తెర మీద విమానాన్ని ఊపేస్తాయి. కిటికీలు తీసి ఉంచే బెంగళూరు ఇళ్లలో, అందునా ఎప్పుడూ ఏదో కట్టడం జరుగుతూ ఉండే వీధుల్లో, దుమ్ము ఎంత పేరుకుంటుందో చెప్పనక్కరలేదు. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ధర్మం ఆధారంగా పనిచేసే సెన్సర్లలో అయస్కాంతం కదులుతుంది, చిప్ దాని క్షేత్రాన్ని కొలుస్తుంది. ఒకదానికొకటి తగిలేది లేదు కాబట్టి అరుగుదల లేదు. నేను పైన చెప్పిన టి.16000ఎంలో ముఖ్యమైన రెండు కదలికలకూ ఇలాంటి సెన్సర్లే ఉన్నాయి, ఒక్కొక్కటి 16,384 స్థానాలను వేరుగా గుర్తిస్తుంది. వీకేబీ గ్లాడియేటర్ జాయ్‌స్టిక్ కూడా తగలని సెన్సర్లతోనే వస్తుంది. కొంచెం ఎక్కువ పెట్టవలసి వస్తే ఆ ఎక్కువ ఇక్కడ పెట్టాలి, రంగు దీపాలకు కాదు.

యోక్‌నే కోరుకునేవారికి నా సలహా, ముందు అది ఎంత మేర తిరుగుతుందో చూడమని. లాజిటెక్ యోక్ అటు 45, ఇటు 45 డిగ్రీలు మాత్రమే తిరుగుతుంది; హనీకోంబ్ ఆల్ఫా ఒక్కోవైపు 90 డిగ్రీలు తిరుగుతుంది, సెస్నాకు ఇదే దగ్గర. తక్కువ తిరిగే యోక్‌లో చిన్న కదలికకే రెక్క ఎక్కువ వాలుతుంది, చక్కని మలుపు తిప్పడం కష్టమవుతుంది. ఆపైన మీ బల్ల చూసుకోండి. యోక్ బల్ల అంచుకు బిగింపుతో పట్టుకుంటుంది, ఇరుసు కూర్చున్నవారి ఛాతీ దాకా బయటికి వస్తుంది, దాని పెట్టె కీబోర్డు చోటును తినేస్తుంది. అద్దె ఇళ్లలో, పీజీ గదుల్లో వాడే గాజు బల్లలకూ మడతబల్లలకూ దాన్ని బిగించడం ప్రమాదం. లాగినప్పుడల్లా బల్లే లేస్తుంది. పెడల్స్ కొన్నవారు నున్నటి టైల్స్ మీద అవి జారకుండా రబ్బరు పట్టా వేసి, వెనుక గోడకు ఆనించాలి. చక్రాల కుర్చీ అయితే పెడల్ నొక్కినప్పుడల్లా వెనక్కి పోతుంది, దాని చక్రాలను కట్టేయాలి లేదా మామూలు కుర్చీ వాడాలి.

కాబట్టి ఖర్చు పరిమితంగా ఉన్న ఇంటికి నేను చెప్పే వరుస ఇలా ఉంటుంది: ముందు మెలితిరిగే, తగలని సెన్సర్ల జాయ్‌స్టిక్, ఆసక్తి నిలిచిందని తేలాక పెడల్స్, సెస్నా, బోయింగ్ వైపే మనసు పోతోందని రూఢి అయ్యాకే యోక్. ఈలోగా ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ సిమ్యులేటర్‌తోనో, ఎక్స్‌ప్లేన్ నమూనా కూర్పుతోనో మొదలుపెట్టవచ్చు, సాఫ్ట్‌వేర్‌కు వెంటనే డబ్బు పెట్టనవసరం లేదు.

మీ పత్రిక నుంచి కోరేది ఒకటుంది. సాంకేతిక పేజీలో ఇలాంటి పరికరాల గురించి రాసినప్పుడు ధర, మీటల సంఖ్యతో పాటు సెన్సర్ ఏ రకమో, చుక్కాని కదలిక ఉందో లేదో, ఏ చేతికి అమరుతుందో, ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో, బిగింపుకు ఎంత మందం బల్ల కావాలో కూడా ముద్రించండి. ఎలక్ట్రానిక్ వస్తువులమ్మే ఎస్‌పీ రోడ్డు దుకాణదారులకు కూడా ఒక మనవి: పెట్టె విప్పిన జాయ్‌స్టిక్ ఒకటి, యోక్ ఒకటి బల్ల మీద పెట్టి, కొనేవారిని చేత్తో పట్టుకుని చూడనివ్వండి. మధ్యలో యోక్ ఎక్కడైనా పట్టేస్తోందా, వదిలితే అదే చోటుకు వస్తోందా అన్నది చేతికి తప్ప కంటికి తెలియదు. పాత పరికరం కొనేవారు దాన్ని విండోస్‌లోని గేమ్ కంట్రోలర్ పరీక్ష పేజీలో తెరిచి, చేయి తీసేసి కాసేపు చూడాలి. గుర్తు వణుకుతుంటే ఆ సెన్సర్ అరిగిందని అర్థం, ధర ఎంత తగ్గించినా అది కొనవద్దు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు