శనివారం బస్సు కండక్టరమ్మకు కృతజ్ఞతలు

నిన్నటితో సైకాలజిస్టు దగ్గర నా 16 సెషన్లు పూర్తయ్యాయి. ఒంట్లో ఓపిక లేదు, అయినా ఈ మాట చెప్పుకోకుండా పడుకోలేకపోతున్నాను.

నేను గుంటూరులో లెక్కల మాస్టారిని. సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడితే తర్వాతి మెట్టు గుర్తుకు రాని స్థితికి వచ్చాను. డిప్రెషన్ అన్నారు. డాక్టరు గారు మాత్రలు రాసి, విజయవాడలో ఒక సైకాలజిస్టు దగ్గరికి వారం వారం వెళ్లమన్నారు. ప్రతి శనివారం అదే బస్సు, కిటికీ పక్కన అదే సీటు, వారధి దగ్గర దిగడం.

ఆరో శనివారం వారధి వచ్చింది, కాళ్లు లేవలేదు. ప్రతి సెషన్‌కు ముందు డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం నింపాలి. గరిష్ఠం 27, ఎంత తగ్గితే అంత మేలు. నావి 19, 18, 19, 17, 18. ఇంకెందుకు వెళ్లడం అనిపించింది. బస్టాండులో అందరూ దిగిపోయారు. అదే బస్సులో వెనక్కి పోదామని కూర్చుండిపోయాను.

టికెట్ల లెక్క చూసుకుంటున్న కండక్టరమ్మ తలెత్తింది. "మీరు వారధి దగ్గర దిగే సారు కదా! ఇవాళ దిగలేదేమండీ?" అంది. అంతే, 46 ఏళ్లవాణ్ణి, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె ఎందుకని అడగలేదు. చేతిలో మెషీను పక్కన పెట్టి, ఫ్లాస్కు మూతలో టీ పోసింది. మూత అంచున చిన్న పగులుంది. అది నా పెదవికి తగలకుండా తిప్పి మరీ అందించింది. "తాగండి, బస్సు కదలడానికి ఇంకా టైముంది" అంది. ఎక్కడికి వెళ్లాలో కనుక్కుని, ఆటో పిలిచి, "సారుని గేటు దగ్గర వదిలేయకు బాబూ, లోపల మెట్ల దాకా తీసుకెళ్లు" అని చెప్పింది.

ఆ రోజు కూడా నేను పాత పాటే పాడాను: పాఠం చెప్పలేనివాణ్ణి ఎవరికి పనికొస్తాను? సైకాలజిస్టు ఆ మాటను కాగితం మీద రాయించి, కింద నిలువుగీత గీయించారు. ఒకవైపు అవుననే సాక్ష్యాలు, రెండోవైపు కాదనేవి. రెండోవైపు ఖాళీ. టీ సంగతి చెప్పాను. "ఆమె మీ పాఠం ఎన్నడూ వినలేదు. మీ పేరైనా తెలియదు. మరి టీ ఎందుకిచ్చారు?" అని అడిగారు. జవాబు దొరకలేదు. రెండోవైపు మొదటి వరుసలో టీ అని రాశాను.

మరుసటి వారం నా మార్కులు 11. గ్రాఫు కాగితం మీద గుర్తులు పెట్టుకుంటే గీత అక్కడ మెట్టు దిగినట్టు పడింది. ఇలా రెండు సెషన్ల మధ్య హఠాత్తుగా తగ్గడాన్ని 1999లో టాంగ్, డెరూబీస్ అనే పరిశోధకులు గమనించారని, దానికి ముందు సెషన్‌లో రోగి ఆలోచనలో మార్పు కనిపించిందని సైకాలజిస్టు చెప్పారు. అందరికీ ఇలాగే జరగదు, చాలామందికి మెల్లమెల్లగా తగ్గుతుంది. నాకూ ఒకసారి మళ్లీ 14కి పెరిగింది. నిన్న 5.

గీత అలా పడడానికి ముందు సెషన్, నేను ఎగ్గొట్టబోయినదే.

బాధ ఒకటే. బీమా కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఆసుపత్రిలో చేరలేదు కాబట్టి వర్తించదట. మానసిక రోగాలకు శరీర రోగాలతో సమానంగా బీమా ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఇలా మాటలతో చేసే వైద్యంలో ఆసుపత్రిలో చేరే పనే ఉండదని వాళ్లకు తెలియదా? నెల జీతం ఉంది కనుక అప్పు పుట్టింది. కూలి చేసుకునేవాళ్లు ఎక్కడికి పోవాలి?

మా ఆవిడ, అమ్మ, పిల్లలు ఎంత చేశారో వేరే రాయనక్కరలేదు.

ఆ తర్వాత ప్రతి శనివారం వారధి రాగానే కండక్టరమ్మ నా సీటు వైపు చూసి "వారధి, వారధి" అని రెండుసార్లు పిలిచేది. నేను నేల మీద కాలు పెట్టాకే రైట్ చెప్పేది. నెల రోజులుగా ఆ బస్సులో వేరే కండక్టరు వస్తున్నారు. ఆమె పేరు కూడా అడగలేదు నేను. ఆర్టీసీలో తెలిసినవారెవరైనా ఇది చదివితే, సోమవారం నుంచి సారు పదో తరగతికి పాఠం చెబుతున్నాడని ఆమెకు చెప్పండి.

మరిచాను, మొదట్లో ఒక అర్ధరాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోను చేస్తే ఓపికగా తెలుగులో మాట్లాడిన టెలీమానస్ అమ్మాయి, నా క్లాసులు చూసుకున్న ఫిజిక్స్ మాస్టారు, డబ్బు తీసుకోని ఆ ఆటో అబ్బాయి. ఇంకా, ఆ కాగితం నింపడానికి ప్రతి వారం తన పెన్ను ఇచ్చిన రిసెప్షన్ అమ్మాయి కూడా.