ముందు సౌండ్‌కి డబ్బు తీసిపెట్టు

సాలిగ్రామం, చెన్నై

చి॥ అమ్ములుకి నాన్న ఆశీస్సులు.

నీ రెండో నవలని నువ్వే సినిమాగా తీస్తానన్నప్పటి నుంచి ఇంట్లో అదే మాట. అమ్మకి డబ్బు గురించి టెన్షన్. నాకు మాత్రం సంతోషంగా ఉంది. సొంతంగా నవలలు అచ్చు వేయించి, సంచి భుజాన వేసుకుని బుక్ ఫెయిర్లు తిరిగినదానివి. ఎవరో అవకాశం ఇస్తారని కూర్చునే పిల్లవి కాదు.

అయితే పుస్తకం మూడు వందల కాపీలు వేసుకుని, అవి అమ్ముడయ్యాక మళ్లీ వేసుకోవచ్చు. సినిమాకి ఒక్క టికెట్ తెగకముందే మొత్తం ఖర్చు పెట్టేయాలి. నవలలో జోరున వాన కురిపించడానికి పైసా అక్కర్లేదు. షూటింగ్‌లో అదే వానకి ట్యాంకర్లు, జనరేటర్, ఒక్కొక్కరికి రెండు మూడు జతల బట్టలు కావాలి. అందుకని నీకు ఏ ఇల్లు, ఏ వీధి, ఏ మనుషులు దొరుకుతారో చూసుకుని స్క్రిప్ట్ రాయి.

ఈ ఊళ్లోనే తమిళ రచయిత జయకాంతన్ తన నవల 'ఉన్నైప్పోల్ ఒరువన్'ని 1965లో తనే సినిమాగా తీశారు. జాతీయ అవార్డు వచ్చింది, థియేటర్లలో మాత్రం పెద్దగా ఆడలేదు. ఆయన రాయడం మానలేదు. 1972లో సాహిత్య అకాడమీ, ఆ తర్వాత జ్ఞానపీఠం ఆ కలానికే వచ్చాయి. సినిమా మొదలయ్యాక నువ్వూ మూడో నవల పక్కన పడేయకు. ఇది నా గట్టి కోరిక.

ఇక నాకు తెలిసిన పని సంగతి. డబ్బింగ్ థియేటర్లలో బతుకంతా గడిపినవాణ్ణి. చిన్న సినిమాలు ఎక్కడ దెబ్బతింటాయో చూస్తూనే వచ్చాను. డబ్బంతా కెమెరాకీ లెన్సులకీ అయిపోతుంది, మాటలూ సంగీతమూ చప్పుళ్లూ కలిపే మిక్సింగ్‌కి వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం సర్దుకుంటారు. మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు.

సెనెగల్ నవలాకారుడు సెంబేన్ ఉస్మాన్ 1963లో డకార్‌లో ఒక బండివాడి రోజు మీద 20 నిమిషాల సినిమా తీశాడు. బండివాడు మనసులో అనుకునే మాటల్నే గొంతుగా బొమ్మ మీద వినిపించాడు. పాత్ర లోపలి మాట రాయడం నవలాకారుడికి చేతనైన పనే కదా! మెయిన్ రోడ్డు పక్కన హారన్ల మధ్య తీసే సీన్లకి నువ్వూ ఆ దారి ఆలోచించు. మిగతా లొకేషన్లు కెమెరామన్ ఒక్కడే కాదు, సౌండ్ రికార్డిస్ట్ కూడా చూసి సరేనంటేనే ఖాయం చెయ్యి.

ఇంకొకటి. స్నేహితులైనా సరే, బేటా, అంటే రోజువారీ భత్యం, ఏ రోజుది ఆ సాయంత్రమే చేతిలో పెట్టు. లైట్లు మోసేవాడి ఇంట్లో పొయ్యి దాని మీదే వెలుగుతుంది.

బడ్జెట్ షీట్ పంపు. నా వంతు డబ్బు అమ్మతో మాట్లాడి వేరుగా ఉంచాను. అది మిక్సింగ్‌కి. షూటింగ్‌లో ఎంత కటకట వచ్చినా దాన్ని అడగొద్దు, ఇవ్వను.

నాన్న