నవ్వు సినిమా వరకే ఉంచండి

సంపాదకుడు గారికి,

గృహిణులు నేరాల్లో ఇరుక్కునే డార్క్ కామెడీ (చావు, నేరం లాంటి వాటితోనే నవ్వించే) సినిమాలు ఆడవాళ్లకు హత్యలు నేర్పుతున్నాయనే మాట ఈమధ్య తరచూ వినపడుతోంది. నేను దీన్ని ఒప్పుకోను.

ఇవి ఇవాళ పుట్టిన కథలు కావు. బ్రిటిష్ రచయిత రోల్డ్ డాల్ 1953లో రాసిన కథలో గర్భిణి అయిన భార్య, తనను వదిలేస్తానన్న భర్తను గడ్డకట్టిన గొర్రె తొడతో కొట్టి చంపుతుంది. ఆ మాంసాన్నే వండి, దర్యాప్తుకొచ్చిన పోలీసులకు వడ్డిస్తుంది. 1958లో దర్శకుడు హిచ్‌కాక్ దాన్ని టీవీకి తీశాడు. పెడ్రో అల్మొదోవార్ 1984లో తీసిన స్పానిష్ సినిమాలోనూ, ఇంటిపనితో పాటు బయట పాచిపని చేసి అలిసిపోయిన గృహిణి చేతికి ఆయుధంగా దొరికింది పంది తొడే. డాల్ కథలోని ఆ పోలీసులను చూస్తే మనకు నవ్వెందుకు వస్తుంది? వంటింట్లో నిలబడి కూడా వాళ్లకు ఏమీ కనపడదు. అక్కడ రోజంతా పనిచేసే మనిషిని అంతకుముందు మాత్రం ఎవరు చూశారు గనక! పైకి నవ్వు తెప్పించినా, లోపల మండుతున్న కోపం ఇది.

2022లో జస్మీత్ కె. రీన్ తీసిన హిందీ సినిమా 'డార్లింగ్స్' చూడండి. తాగుడు మానితే మొగుడు మారతాడని నమ్మి, దెబ్బలు తింటూనే కాపురం చేస్తుంది భార్య. ఆ నమ్మకం ఎలా విరిగిపోతుందో చూపించాకే ఆమె, ఆమె తల్లి కలిసి అతణ్ని కట్టేస్తారు. అయినా పురుషులపై హింసను ప్రోత్సహిస్తోందంటూ సోషల్ మీడియాలో బాయ్‌కాట్ పిలుపులొచ్చాయి. అతణ్ని కట్టేయడం అంత ఘోరంగా కనపడినవాళ్లకు, అంతవరకు ఆమె తిన్న దెబ్బలు ఎందుకు కనపడలేదో నాకు అర్థం కాదు. పెళ్లాన్ని కొట్టడమే జోకుగా తీసే సినిమాలూ ఉన్నాయి. వాటిని నేను సమర్థించను.

నా బాధంతా వార్తల గురించే. ఏ భార్య మీదైనా హత్యారోపణ వస్తే చాలు, 'సినీ ఫక్కీలో మర్డర్', 'కిలాడీ లేడీ', 'ప్రియుడితో కలిసి స్కెచ్' అని శీర్షికలు పెడుతున్నారు. సాయంత్రానికల్లా మీమ్స్ మొదలవుతాయి. అక్కడ నిజంగా ఒక మనిషి చనిపోయాడు. అతని తల్లిదండ్రులు ఆ జోకులు చదువుతారు, పిల్లలుంటే రేపు వాళ్లూ చదువుతారు. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికి ఇంకా విచారణే మొదలై ఉండదు. సినిమా రెండు గంటలు ఆ ఇంట్లో మనల్ని కూర్చోబెట్టి, అన్నీ చూపించి, ఆ తర్వాత నవ్విస్తుంది. పది లైన్ల వార్తకు ఆ ఇంటి గురించి ఏం తెలుసు?

దయచేసి నేరవార్తల్లో ఇలాంటి మాటలు మానేయండి. కోర్టు తేల్చేవరకు నిందితురాలు అని మాత్రమే రాయండి. సమీక్షకులకు కూడా ఒక మాట చెప్పండి: ఇలాంటి సినిమాకు 'ఫుల్ ఫన్' అని రేటింగ్ ఇచ్చేముందు, అది ఎవరిని చూసి నవ్వమంటోందో ఒక్క వాక్యం రాయమని.

ఇట్లు,
ఒక పాఠకురాలు