సదస్సు అయిపోయింది, బాకీలు మిగిలాయి

అందరికీ నమస్కారం. రాజనీతి శాస్త్రం ఎం.ఏ. రెండో ఏడాది విద్యార్థుల తరఫున రాస్తున్నాను. గత బుధ, గురు, శుక్రవారాల్లో అంతర్జాతీయ రాజకీయాలు, ఉద్యోగాలు, వాతావరణ న్యాయం మీద మేము పెట్టిన సదస్సు బాగా జరిగిందని చాలామంది ఫోన్ చేసి మరీ చెప్పారు. సంతోషం. కానీ మంగళవారం రాత్రి తొమ్మిదింటికి మా పరిస్థితి ఏంటంటే, మాట్లాడుకున్న హాలు చేజారిపోయింది, మొదటిరోజు వక్తకు జ్వరం, బయట అల్పపీడనం వాన. స్టేజీ మీద ఈ సంగతి చెప్పే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు చెబుతున్నా, ఎవరి వల్ల గట్టెక్కామో కూడా. పేర్లు రాయొద్దని వాళ్లలో చాలామంది అన్నారు, అందుకే రాయడం లేదు.

హాలు సంగతి వదిలేయండి, తవ్వుకుంటే కోపమే మిగులుతుంది. మా తరగతి గదుల్లో పెద్దది ఖాళీ చేసుకున్నాం. హాస్టల్ జూనియర్లు రాత్రి పదకొండు దాకా బెంచీలు మోశారు. టెంట్ హౌస్ ఆయన వంద కుర్చీలు, మైక్ సెట్ పంపించి అడ్వాన్స్ అడగలేదు. "మా పాప కూడా డిగ్రీలో పాలిటిక్సే బాబూ" అన్నారంతే.

వక్త గురించి రాత్రి పదింటికి మాస్టారికి ఫోన్ చేశాం. రిటైరై చాలా ఏళ్లయింది. గాజువాకలో ఉంటారు. "స్లైడ్లు గట్రా నా వల్ల కాదు, సుద్దముక్క ఉందా?" అని ఒక్కటే అడిగారు. పొద్దున్న తడిసిన గొడుగుతో బస్సు దిగి వచ్చారు. అంతర్జాతీయ రాజకీయాలంటే అమెరికా, చైనాల దగ్గర మొదలవుతుందనుకుని నోట్సు తెరిచిన మాకు, ఆయన బోర్డు మీద మన తీరం గీసి పక్కనే 12, 200 అని రెండు అంకెలు వేశారు. 1982 నాటి సముద్ర చట్టాల ఒప్పందం ప్రకారం 12 నాటికల్ మైళ్ల దాకా దేశానికి చెందిన జలాలు, 200 దాకా చేపల మీద, ఖనిజాల మీద హక్కు.

తర్వాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల కథ ఎత్తుకున్నారు. ఇక్కడ గిట్టుబాటు కాక గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తూ, 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కారు కదా, వాళ్లది. గుజరాత్‌కూ పాకిస్తాన్‌కూ మధ్యనున్న సముద్రపు పాయ సర్ క్రీక్ దగ్గర సరిహద్దు రెండు దేశాల మధ్య ఇప్పటికీ తేలలేదు కాబట్టి దాన్నుంచి సముద్రంలోకి గీయాల్సిన గీతా తేలలేదని, బోటులో జీపీఎస్ ఉన్నా లేని గీతను అది చూపించలేదని విడమరిచి చెప్పారు. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు, అందులో మత్స్యకారుల జాబితా కూడా, ఇచ్చిపుచ్చుకుంటాయి. మనవాళ్లు 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి వచ్చారు. సముద్రంలో పట్టుబడ్డవాళ్లు నేల మీద నడిచి ఇల్లు చేరారన్నమాట. రెండు గంటల సేపు ఎవరూ ఫోను తీయలేదు. మాస్టారూ, దారి ఖర్చులైనా తీసుకోండంటే మీరు తిట్టిన తిట్టు మాకు ఇంకా గుర్తుంది.

రెండోరోజు ఉద్యోగాల గురించి. "పొలిటికల్ సైన్స్ చదివి ఎమ్మెల్యే అవుతావా?" అని చుట్టాలు అడగని వాళ్లు మాలో ఎవరూ లేరు. వచ్చిన సీనియర్ అక్కలు, అన్నయ్యలు గొప్పలు చెప్పుకోకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు ప్రత్యేకంగా థాంక్స్. సివిల్స్‌లో మన సబ్జెక్టు ఆప్షనల్‌కు 500 మార్కులు, మెయిన్స్ తెలుగులో రాయొచ్చు. నెట్ (కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి, పరిశోధనకు అర్హత పరీక్ష) రాసి జేఆర్ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, వస్తే నెలకు 37,000 రూపాయలు. కానీ నెట్‌లో మన సబ్జెక్టు ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది, తెలుగు మీడియం వాళ్లకు అక్కడే చిక్కు. మూడుసార్లు తప్పి నాలుగోసారి పాసైన అక్క ఆ తప్పిన మూడుసార్ల గురించే ఎక్కువసేపు మాట్లాడింది. నిజానికి మాకు కావలసింది అదే.

శుక్రవారం గురించే నేను ఎక్కువ రాయాలి. వాతావరణ న్యాయం, అంటే వాతావరణ మార్పుల వల్ల ఎవరు దెబ్బతింటున్నారు, ఎవరు బాధ్యత వహించాలి అన్నప్పుడు మా దగ్గరున్నవన్నీ దూరపు ఊళ్ల కబుర్లే. 2019లో పసిఫిక్ ద్వీప దేశం వనువాటులో 27 మంది లా విద్యార్థులు తరగతి గదిలో మొదలుపెట్టిన ప్రయత్నం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లడం, 2025 జూలై 23న ఆ కోర్టు వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అని సలహా అభిప్రాయం (తీర్పులా కట్టిపడేయదు) ఇవ్వడం, 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన వాతావరణ సదస్సులో, వాతావరణ మార్పుల దెబ్బ తిన్న దేశాలకు సాయపడే లాస్ అండ్ డ్యామేజ్ నిధికి దేశాలు ఒప్పుకోవడం. ఇవన్నీ చెప్పడానికి మా జూనియర్ సిద్ధంగా ఉంది. కానీ వినడానికి జాలరిపేట నుంచి ఎవరైనా వస్తే బాగుంటుందని అనిపించింది. మా ఆటో అన్న వాళ్ల పిన్నిని తీసుకొచ్చాడు. పొద్దున్నే చేపలమ్మి, వానలోనే నేరుగా వచ్చేశారావిడ. మైక్ ఇస్తే "నానేటి మాటాడతానమ్మా" అని ముందు వద్దన్నారు.

మా జూనియర్ "లాస్ అండ్ డ్యామేజ్ అంటే నష్టం" అని తెలుగులో చెప్పి ఆగింది. రెండు మాటలకూ మాకు తెలిసింది ఒక్క నష్టమే. అప్పుడు పిన్నిగారు అందుకున్నారు. "రెండూ ఒకటెలాగవుతాయమ్మా? వల పాడైతే అల్లుకుంటాం. తెప్ప పోతే పోయినట్టే" అన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజు వాళ్లింట్లో పాడైనవేవో, పోయినవేవో వరసగా చెప్పారు. వాళ్లాయన పనిచేసే బోటు ఆయన పేరు మీద లేదు, అందుకని సాయం జాబితాలో ఆ ఇంటి పేరు లేదు. ఎండబెట్టిన చేపలు కొట్టుకుపోతే అవి ఏ లెక్కలోకీ రాలేదు. బాగుచేసుకోగలిగింది వేరు, ఇక తిరిగిరానిది వేరు అని మా పాఠాల్లో పేజీలకు పేజీలు ఉంటుంది. రెండు క్రియాపదాల్లో తేల్చేశారావిడ. నేను కళ్లు తుడుచుకున్నానని ఎవరో ఫొటో పెట్టారు. ఒప్పుకుంటున్నా, అది వాన నీరు కాదు.

పిన్నిగారూ, మీ అబ్బాయి ఇది చదివి వినిపిస్తాడని రాస్తున్నా. ఆ రోజు గంటల కొద్దీ బేరం పోగొట్టుకుని మా కోసం కూర్చున్నారు. ఇస్తామన్న శాలువా వద్దని, "చెప్పిందంతా తెలుగులో కాయితం మీద రాసివ్వండి, మా పేటలో సదివించుకుంటాం" అన్నారు. రాస్తున్నాం. రెండు పేజీలు వచ్చింది. అందులో "పోయినవి, పాడైనవి" అనే రాశాం, నష్టం అన్న మాట కొట్టేశాం.

క్యాంటీన్ బాబాయికి టీలు, సమోసాల ఖాతా ఇంకా సగం బాకీ ఉంది, సోమవారం తీర్చేస్తాం. కుర్చీలు తిరిగి వెళ్లాయి, ఒకటి విరిగితే టెంట్ హౌస్ ఆయన డబ్బు తీసుకోలేదు. చివరగా, ఆ రెండు పేజీలు ఒకసారి చదివి, ఎక్కడ పుస్తకాల భాష దొర్లిందో గీత పెట్టి ఇచ్చేవాళ్లు కావాలి. శనివారం మధ్యాహ్నం మూడింటికి డిపార్ట్‌మెంట్‌లోనే ఉంటాం. ఆదివారం పేటకు పట్టుకెళ్లాలి.