మందిరం పైకప్పు చెమ్మను ఆపేందుకు విరాళాల విజ్ఞప్తి

భక్తులందరికీ నమస్కారం.

మన ప్రార్థన హాలులో తెల్లవారుజామున పైనుంచి చుక్కలు రాలుతున్నాయి. ఫాల్స్ సీలింగ్ పలకలు ఉబ్బి వంగిపోయాయి, మూలల్లో నల్లబూజు పట్టింది. వాన లేని రోజుల్లోనూ ఇదే పరిస్థితి, అదీ హాలంతటా. రేకు బోల్టుల దగ్గర కారే నీరైతే వానతోనే మొదలవుతుంది, ఒకేచోట గోధుమరంగు మరక కడుతుంది. కాబట్టి ఇది కారడం కాదు, రేకు లోపలివైపు చెమర్చడం.

కూర్చున్న మనిషి ఊపిరి, చెమటల వల్ల గంటకు సుమారు 45 గ్రాముల నీరు గాలిలో కలుస్తుంది. 200 మంది 2 గంటలు ఉంటే 18 లీటర్లు! ప్రార్థన అవగానే తలుపులు, కిటికీలు మూసేస్తే ఆ తేమకు వెళ్లే దారి ఉండదు. గాలి 24 డిగ్రీల వేడి, 75 శాతం తేమతో ఉంటే 19 డిగ్రీల కన్నా చల్లని దేనికి తగిలినా నీరవుతుంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి రేకు బయటి గాలి కన్నా కూడా చల్లబడుతుంది. పైన ఎంత వాటర్‌ప్రూఫ్ పూత వేసినా ఈ నీరు ఆగదు.

చేయాల్సిన పని రేకు కిందే ఉంది. 50 మిల్లీమీటర్ల మందం గ్లాస్‌వూల్‌ను (వేడి, చలి దాటకుండా ఆపే గాజు ఉన్నిని) రేకుకు ఆనించి, జీఐ (జింకు పూత వేసిన ఇనుప) వలతో పట్టి ఉంచాలి. దానికి అంటించిన ఫాయిల్ హాలు వైపు ఉండాలి, అతుకులన్నిటికీ ఫాయిల్ టేపు వేయాలి. ఒక్క అతుకు తెరిచి ఉన్నా తేమగాలి లోపలికి దూరి ఉన్నిని తడిపేస్తుంది, తడిసిన ఉన్ని చలిని ఆపదు. బలంగా నొక్కి 25 మిల్లీమీటర్లకు అణిచినా సగం ఫలితం పోయినట్టే. పనివాళ్ల పక్కనే నిలబడి చూడాల్సింది ఇదే.

హాలు 12 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు. రేకు వాలు, అతుకుల దగ్గర ఒకదానిపై ఒకటి వచ్చే భాగం కలుపుకుని 265 చదరపు మీటర్ల ఉన్ని, అంతే వల కావాలి. ఒక్కొక్కటి గంటకు 1,800 ఘనపు మీటర్ల గాలి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు 4 పైభాగంలో పెడితే హాలు గాలి గంటకు 6 సార్లు మారుతుంది. వాటికి ఎదురుగోడన కింద గాలి వచ్చే జాలీలు లేకపోతే ఫ్యాన్లు ఊరికే తిరుగుతాయి. ప్రార్థన అయ్యాక గంటసేపు నడపాలి. తేమ చూసేందుకు ఒక హైగ్రోమీటరు చాలు.

వెనుక గది స్లాబు సంగతి వేరు. సీలింగుకు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటు అంచులన్నీ టేపుతో మూసి అతికించి 24 గంటలు ఉంచితే, నీరు షీటుకూ స్లాబుకూ మధ్య చేరింది. అంటే తడి స్లాబులోంచే దిగుతోంది. పగుళ్లు పూడ్చి, వాటం సరిచేసి, 60 చదరపు మీటర్లకు రెండు పూతలు వేయడానికి 90 కిలోల పాలిమర్ సిమెంటు పూత కావాలి.

దయచేసి రంగు డబ్బాలు ఇప్పుడే ఇవ్వకండి. తడి మీద వేసిన రంగు పెచ్చులుగా లేస్తుంది. పలకలు కూడా, ఉన్ని పనయ్యాక వారం రోజులు ఒక్క చుక్కా రాలకపోతేనే తీసుకుంటాం.

ఒక చదరపు మీటరు ఉన్ని ఇచ్చినా, ఒక ఫ్యాను ఇచ్చినా, పరంజా కట్టే పనికి ఒక పూట వచ్చినా మాకు పెద్ద సాయమే. నగదు ఇచ్చేవారు ఏ పనికో చెప్పి కమిటీ కార్యాలయంలో రశీదు తీసుకోండి. కొన్న సరుకు లెక్క కొలతలతో సహా నోటీసు బోర్డులో పెడతాం.

మందిర నిర్వహణ కమిటీ